మువన్ మాట్లాడని ఎండాకాలం

ఆ ఏడాది ఎండాకాలంలో మా తమ్ముడు మువన్ ఇరవై రెండు రోజులు నోరు విప్పలేదు. అప్పటికి వాడికి ఐదేళ్ళు, నాకు తొమ్మిది. అంతకుముందు వాడు నోరు మూసుకుని ఉన్న రోజు మా ఇంట్లో ఎవరికీ గుర్తు లేదు. పొద్దున కళ్ళు పూర్తిగా తెరవకముందే మొదలుపెట్టేవాడు. బల్లికి తోక తెగితే నొప్పి పుడుతుందా, మబ్బులు ఎక్కడ పడుకుంటాయి, అమ్మమ్మ పళ్ళు ఎందుకు నల్లగా ఉన్నాయి, తోమితే తెల్లబడతాయా. అమ్మమ్మ విసిగిపోయి వాడి నోట్లో జిగురు అన్నం ముద్ద కుక్కేది. ముద్ద బుగ్గలో ఉండగానే ఇంకో ప్రశ్న బయటికి వచ్చేది.

మార్చిలో బడి మూసేశారు. మా నోంగ్ సేంగ్‌లో ఎండాకాలమంటే ఇంటి కింద కాపురం. కర్రస్తంభాల మీద నిలబెట్టిన ఇళ్ళు మావి. పైన గదులు పొయ్యిలా కాగిపోతే, ఊరంతా కిందికి దిగి ఆ నీడలో వెదురు మంచాల మీద పడి ఉండేది. అమ్మ మగ్గం అక్కడే, నూలు ముంచే నీలిరంగు కాగు అక్కడే, అమ్మమ్మ తమలపాకుల బుట్ట అక్కడే. కుక్కలు నీళ్ళ జాడీల పక్కన తడిమట్టి తవ్వుకుని అందులో కడుపులు ఆన్చుకునేవి. మేం పుల్లమామిడి ముక్కలు కోసి, ఉప్పుచేపల ఊటలో తాటిబెల్లం కరిగించి మిరపకాయలు దంచి వేసిన పాకంలో అద్దుకుని, నాలుకలు మండిపోయేదాకా తినేవాళ్ళం. మధ్యాహ్నం రెండింటికి ఊళ్ళో మాట్లాడే ప్రాణులు రెండే ఉండేవి. చింతచెట్టు మీద కీచురాళ్ళు, చెట్టు కింద మా మువన్.

మార్చి చివర్లో నాన్న దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది. నాన్న రెండేళ్ళుగా బాంకాక్‌లో చేపల డబ్బాల కర్మాగారంలో పనిచేస్తున్నాడు. ఉత్తరాలు చదివే పని ఇంట్లో నాది. మంచం మీద నిలబడి, బడిలో పద్యం అప్పజెప్పినట్టు గొంతు పెంచి చదివాను. "పండగ వెళ్ళగానే బయలుదేరి వచ్చెయ్. ఇక్కడ నీకూ పని చూశాను. పిల్లలు అత్తయ్య దగ్గర ఉంటారు. పుయ్ పెద్దదయింది, తమ్ముణ్ణి చూసుకుంటుంది."

పుయ్ అంటే నేనే. నా పేరు రాగానే గర్వంగా అందరి ముఖాలూ చూశాను. ఏం చదివానో నాకు అర్థమయ్యేసరికి ఒక్క క్షణం పట్టింది.

"ఇంకోసారి చదువు," అంది అమ్మ.

చదివాను. ఈసారి మంచం మీద కూలబడి, చిన్న గొంతుతో.

"చాల్లేవే, దానికి మొదటిసారే వినపడింది," అంది అమ్మమ్మ. "రెండేళ్ళ నుంచి వరి ఎండిపోతుంటే ఇక్కడ కూర్చుని ఏం ఉద్ధరిస్తావు? వెళ్ళు. పిల్లల్ని నేనేమైనా మింగేస్తానా?"

"నువ్వు మింగుతావని కాదమ్మా. ఈ మువన్‌గాడు నిన్ను మింగేస్తాడేమోనని."

"నేను అమ్మమ్మని ఎలా మింగుతాను? నా నోరు ఇంతే కదా?" అని మువన్ నోరు తెరిచి చూపించాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే, అమ్మని వెళ్ళనివ్వకూడదని గట్టిగా అనుకున్నాను.

ఏప్రిల్ నడుమ మా కొత్త సంవత్సరం, నీళ్ళ పండగ. ఆ పండగలో గుడి వాకిట్లో ఇసుక గోపురాలు కట్టాలి. ఏడాది పొడుగునా గుడికి వచ్చి పోతూ కాళ్ళకు అంటించుకుపోయిన మన్నంతా ఇలా తిరిగి తెచ్చి ఇస్తామన్నమాట. గోపురం మీద రంగుకాగితం జెండా గుచ్చి మనసులో ఏదైనా కోరుకోవచ్చు. పక్కింటి బువలాయ్ పిన్ని ఆ ఉదయం నా బుట్టలోకి తొంగి చూసి, "ఇంత నల్ల ఇసుకతో కడితే నీ కోరిక తీరేసరికి నీకు మనవలు పుడతారే. తెల్ల ఇసుక తేవాలి, తెల్లది," అంది. ఆవిడకు నన్ను ఏడిపించడం సరదా. నేను అది వేదవాక్కులా పట్టుకున్నాను.

తెల్ల ఇసుక ఒకే చోట ఉంది. ఏటి మలుపు అవతల లారీలవాళ్ళు తవ్వి వదిలేసిన గుంట. ఏరంతా ఎండి మోకాళ్ళ లోతుకు దిగినా ఆ గుంటలో మాత్రం నీళ్ళు పచ్చగా, అడుగు కనపడకుండా ఉండేవి. కిందటి ఏడు రెండు దూడలు అందులో పడి పోయాయి. అటువైపు పోతే కాళ్ళు విరగ్గొడతానని అమ్మ చెప్పి ఉంది. పెద్దవాళ్ళంతా గుడి దగ్గర ఉన్నారు. తమ్ముణ్ణి ఒక్కణ్ణీ వదలడానికి లేదు కాబట్టి వాణ్ణీ వెంటబెట్టుకుపోయాను.

దారంతా వాడు అడుగుతూనే ఉన్నాడు. ఇసుకని ఎవరు కడిగారు, లారీలు ఎక్కడికి తీసుకుపోతాయి, బాంకాక్‌లో ఇసుక లేదా. "నోరు ముయ్యరా," అన్నాను. గట్టు మీద కూర్చుని బుట్ట నింపుతుంటే వెనక చప్పుడేమీ రాలేదు. ఆ చప్పుడు రాకపోవడమే నన్ను తిరిగి చూసేలా చేసింది. గట్టు అంచు విరిగి, ఇసుకతో పాటు మువన్ కూడా మెల్లగా నీళ్ళలోకి జారిపోతున్నాడు. కేక కూడా వెయ్యలేదు. నీళ్ళు వాడి తల మీద మూసుకున్నాయి.

ఒక ముద్ద నమిలి మింగినంత సేపు వాడు కనపడలేదు. నేను బోర్లా పడుకుని చెయ్యి చాచాను. చొక్కా కాలర్ చేతికి తగిలింది, లాగాను. వాడు గట్టు మీద పడి నీళ్ళు కక్కి, ఊపిరి తీసుకుని, ఏడవడానికి నోరు తెరిచాడు. నేను ఆ నోటి మీద చెయ్యి పెట్టి నొక్కేశాను.

"ఒక్క మాట అనకు. ఎవరితోనూ ఒక్క మాట కూడా అనకు. నువ్వు మాట్లాడావంటే అమ్మ మనల్ని వదిలేసి వెళ్ళిపోతుంది. తెలిసిందా?"

వాడు నా చేతి పైనుంచి కళ్ళు పెద్దవి చేసుకుని చూసి తల ఊపాడు.

పండగ రోజు కావడంతో ఊరంతా తడిసే ఉంది. మమ్మల్ని చూసి ఎందుకు తడిశారని ఎవరూ అడగలేదు. నేను ఆ తెల్ల ఇసుకతో గోపురం కట్టి, పసుపు జెండా గుచ్చి, అమ్మ వెళ్ళకూడదని కోరుకున్నాను. మువన్ పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

ఆ సాయంత్రం వాడు మాట్లాడకపోతే అలిసిపోయాడనుకున్నారు. మర్నాడు, "ఏరా, మాటలన్నీ మూటగట్టి దాచుకుంటున్నావా?" అని అమ్మ వేళాకోళం చేసింది. మూడో రోజుకు అమ్మ సంచీ సర్దుకుని ఉంది, వాడి నోటి నుంచి మాట లేదు. అమ్మమ్మ వాణ్ణి వొళ్ళో కూర్చోబెట్టుకుని చెవి తమ్మెలు పట్టుకు చూసింది, కనురెప్పలు ఎత్తి చూసింది.

"జడుసుకున్నాడు వీడు. ఖ్వన్ పడిపోయింది."

మనిషిలో ముప్పై రెండు ఖ్వన్‌లు, అంటే మనిషిని నిలబెట్టే చిన్న చిన్న ప్రాణాలు, ఉంటాయని మా పెద్దలు చెబుతారు. జడుసుకున్నప్పుడు వాటిలో ఒకటి జారి, ఆ జడుసుకున్న చోటే పడి ఉంటుంది. చేపలు పట్టే చేతివల తీసుకుపోయి దాన్ని తోడి, ఇంటికి తెచ్చి మనిషికి అప్పజెప్పాలి. మా ఊళ్ళో ఆ పని అమ్మమ్మది. చెట్టు మీంచి పడ్డ పిల్లలకూ, కుక్కలు తరిమిన పిల్లలకూ ఆవిడే తోడేది. ఆవిడ వల తప్పిందని ఎవరూ విన్నది లేదు. అయితే ఒకటే నియమం. ఏ చోట జడుసుకున్నాడో ఆ చోటే వల వెయ్యాలి. అటూ ఇటూ అయితే ఖాళీ వల వస్తుంది.

అమ్మమ్మ నా వైపు తిరిగింది. "నువ్వేగా వాడి వెంట ఉన్నది. ఎక్కడ జడుసుకున్నాడే?"

"రేవు దగ్గర," అన్నాను. "గేదె తరిమింది."

అబద్ధం అంత తేలిగ్గా వస్తుందని అంతవరకూ నాకు తెలియదు.

ఎండ తగ్గాక రేవుకు వెళ్ళాం. వలలో మువన్ చొక్కా, జిగురు అన్నం ముద్ద, ఉడికించిన గుడ్డు, నాలుగు పూలు. అమ్మమ్మ పిక్కల లోతు నీళ్ళలో నిలబడి, వల ముంచి, పసిపిల్లని నీళ్ళలోంచి ఎత్తుకున్నంత నెమ్మదిగా పైకి తీసింది. "రా ఖ్వన్, రా. మువన్ ఖ్వన్, నీళ్ళలో ఉండకు, రాళ్ళ కింద ఉండకు. ఇంట్లో అన్నం వేడిగా ఉంది. గుడ్డు వొలిచి పెట్టాం. అమ్మ పిలుస్తోంది. రా, ఇంటికి రా." మూడుసార్లు తోడింది. వలలోంచి కారే నీళ్ళు ఎండకు మెరుస్తున్నాయి. అందరూ వలలోకి చూస్తున్నారు, నేను మాత్రం నా కాళ్ళ వేళ్ళు చూసుకుంటున్నాను.

వల మీద తెల్లగుడ్డ కప్పి, దారిలో ఎవరితోనూ మాట్లాడకుండా ఇంటికి తెచ్చింది. ఖ్వన్ మళ్ళీ జారిపోకుండా మువన్ మణికట్టుకు తెల్లదారం కట్టారు. గుడ్డు తినిపించారు. వాడు బుద్ధిగా గుడ్డంతా తిని, మూతి తుడుచుకుని, మాట్లాడకుండా కూర్చున్నాడు.

మర్నాడు పొద్దున అమ్మ సంచీలోంచి బట్టలు తీసి మళ్ళీ తాడు మీద వేసింది. "వీడు ఇలా ఉంటే నేనెలా పోతాను?" అంది. నా గుండె ఒకసారి ఝల్లుమంది. ఆ వెనకే ఒక తియ్యదనం వచ్చింది. నా కోరిక తీరింది. సిగ్గులేకుండా చెబుతున్నాను, ఆ క్షణాన నాకు సంతోషమే కలిగింది.

ఆ తర్వాతి రోజులు తలచుకుంటే ఇప్పటికీ నాకు నిజంగా జరిగినట్టు అనిపించవు. అమ్మ పెద్దగా మాట్లాడే మనిషి కాదు. మగ్గం చప్పుడే ఆవిడ మాట. కానీ మాటలు వింటూ ఉంటే వాడికి మాట తిరిగి వస్తుందని ఎవరో చెప్పారు. అప్పటి నుంచి అమ్మ మాట్లాడటం మొదలుపెట్టింది. మధ్యాహ్నాలు వెదురు మంచం మీద మా ఇద్దరి మధ్యా పడుకుని, తాటాకు విసనకర్రతో ఒకసారి వాడి వైపు, ఒకసారి నా వైపు విసురుతూ, తన చిన్నప్పటి సంగతులు చెప్పేది. ఏనుగు ఎక్కి తప్పిపోయిన మేనమామ కథ, పెళ్ళికి ముందు నాన్న రోజూ లేని పని కల్పించుకుని మా వీధిలోకి వచ్చిన కథ. ఆవిడ వేళ్ళు ఎప్పుడూ నీలిరంగు పట్టి ఉండేవి. ఆ నీలం వేళ్ళు నా జుట్టులో కదులుతుంటే, నిద్ర వచ్చిందో లేదో తెలియని ఒక చోట నేను తేలుతూ ఉండేదాన్ని. పై గది నేల పలకల సందుల్లోంచి పడే ఎండ గీతలు మా కాళ్ళ మీదుగా పాకుతూ పోయేవి.

సాయంత్రాలు ఏటికి తీసుకుపోయి ఒళ్ళు తోమేది. ముఖాలకు చల్లటి గంధప్పొడి పూసేది. మామిడికాయలు రాలిన చప్పుడు వినపడితే ముగ్గురం పరిగెత్తేవాళ్ళం. అమ్మ కూడా, కట్టుగుడ్డ పైకి దోపుకుని, చిన్నపిల్లలా. ఆ ఎండాకాలం అంతా తీపి. ఆ తీపి మధ్యలో నా తమ్ముడి మూసిన నోరు.

అమ్మమ్మ ఇంకో రెండుసార్లు రేవుకు వెళ్ళింది. ఒకసారి పొద్దున్నే, ఒకసారి పౌర్ణమి నాటి సాయంత్రం. ఎగువన ఒకసారి, దిగువన ఒకసారి తోడింది. ఏమీ కాలేదు. కొళాయి దగ్గర బువలాయ్ పిన్ని గొంతు తగ్గించి, "పెద్దమ్మ చెయ్యి చల్లబడిందేమో," అంటుంటే విన్నాను. ఆ వారమే అవతలి వీధి ఆవిడ జడుసుకున్న తన బిడ్డను పక్క ఊరి ముసలాయన దగ్గరికి ఎత్తుకుపోయింది. మా ఇంటి ముందు నుంచే పోయింది, తల తిప్పకుండా.

అమ్మమ్మ వల వొళ్ళో పెట్టుకుని చిల్లుల కోసం వెతుకుతూ కూర్చుంది. వలకు ఒక్క చిల్లు కూడా లేదు. అయినా వెతుకుతూనే ఉంది.

మే మొదటి వారంలో నాన్న ఇంకో ఉత్తరం రాశాడు. ఆ పని ఇంకో పది రోజులే ఆగుతుందట. అమ్మ నన్ను కాగితం తెమ్మంది. "రాయి," అంది. "వీడి నోరు తెరుచుకునేదాకా నేను రాను. ఆ పని ఎవరికైనా ఇచ్చెయ్యమను."

రాశాను.

"ఇంకేం రాయమంటావు?"

అమ్మ మగ్గం మీది దారం సర్దింది. "ఆయన ముఖం చూసి రెండేళ్ళయింది," అంది, నాతో కాదు. తర్వాత, "వేళకి తింటున్నావా అని రాయి," అంది.

అదీ రాశాను. కాగితం మడిచి అమ్మ దూలం సందులో పెట్టింది, శనివారం సంతకు పోయేవాళ్ళకి ఇవ్వడానికి. ఇక అమ్మ వెళ్ళదు. నేను కోరుకున్నది నా చేతిరాతతోనే తేలిపోయింది. ఆ రోజు నాకు అన్నం సహించలేదు. అసలు చాలా రోజులుగా సహించడం లేదు. ఇంట్లో అందరి చూపూ వాడి మీదే ఉండటంతో నా సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

మర్నాడు పొద్దున అమ్మ మమ్మల్ని ఎర్రచీమల గుడ్లకు తీసుకుపోయింది. ఎండాకాలంలో మాకు అదొక పండగ కూర. మామిడికొమ్మల్లో ఆకులు కుట్టుకుని కట్టిన చీమల గూళ్ళను పొడుగాటి వెదురుకర్రతో పొడిచి, కర్రకు వేలాడే బుట్టలోకి గుడ్లు దులపాలి. గుడ్లతో పాటు చీమలూ పడతాయి. కింద ఎవరూ నిలబడకూడదు.

"దూరంగా ఉండండి," అంది అమ్మ. మువన్ వినలేదు, లేక వినీ మరిచిపోయాడు. గూడు బుట్టలో పడకుండా పగిలి, సగం వాడి మెడ మీద పడింది.

ఆ చీమ ఒక్కటి కుడితేనే పెద్దవాళ్ళు గంతులు వేస్తారు. వాడి మెడ, చెవులు, చొక్కా లోపల వందల చీమలు. ఇంకో పిల్లవాడైతే ఆ కేకలకు ఊరు లేచి వచ్చేది. మువన్ రెండు చేతులూ తీసి నోటి మీద పెట్టుకున్నాడు. చీమల్ని దులుపుకోలేదు. నోరు నొక్కుకుని నిలబడ్డాడు. కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి.

అమ్మ కర్ర పారేసి పరిగెత్తుకు వచ్చి చొక్కా చింపి పారేసింది, చేతులతో దులిపింది. "ఏడవరా నాన్నా. ఒక్కసారి ఏడువు. గట్టిగా ఏడవరా, నీకు దణ్ణం పెడతాను." అలా బతిమాలుతూ తనే ఏడ్చింది.

వాడు అమ్మ వైపు చూడలేదు. వేళ్ళ పైనుంచి నా వైపే చూస్తున్నాడు. సరిగ్గా పట్టుకున్నానా అక్కా, అని అడుగుతున్నట్టు.

అప్పుడు నాకు తెలిసింది. వాడి ఖ్వన్ ఎక్కడా పడిపోలేదు. నేను చెప్పిన మాటను వాడు ఇరవై రెండు రోజులుగా రెండు చేతులతో పట్టుకుని ఉన్నాడు. వాడు మాట్లాడలేదు, అమ్మ వెళ్ళలేదు. వాడి లెక్కలో ఇల్లు నిలబడింది వాడి నోటి మీద.

సాయంత్రం అమ్మమ్మ ఏటి గట్టు మీద కూరపాదులకు నీళ్ళు పోస్తుంటే వెళ్ళాను. రెండు మళ్ళు తడిపేదాకా ఆవిడ వెనకే నడిచాను.

"అమ్మమ్మా. రేవు దగ్గర కాదు."

ఆవిడ వెనక్కి తిరగలేదు. దోసపాదుకు నీళ్ళు పోస్తూనే, "మరెక్కడ?" అంది.

"ఇసుక గుంట దగ్గర. నీళ్ళలో పడ్డాడు. నేనే తీసుకుపోయాను."

"గేదె?"

"గేదె లేదు."

డబ్బాలో నీళ్ళు అయిపోయాయి. అమ్మమ్మ డబ్బా కింద పెట్టి, తన కుడిచెయ్యి తిప్పి చూసుకుంది. "అయితే నా చెయ్యి కాదన్నమాట," అంది. ఆ మాటకి నాకు దుఃఖం ఆగలేదు. కొడుతుందనుకున్నాను, కొట్టినా బాగుండేది. ఆవిడ భుజం మీది గుడ్డతో నా ముక్కు తుడిచి, "ఏడుపు తర్వాత ఏడుద్దువుగాని. వాణ్ణి పిలుచుకురా. వల కూడా పట్టుకురా," అంది.

పొద్దు ఇంకా ఉంది. గుంట చుట్టూ ఇసుక తెల్లగా మెరుస్తోంది. మెడ నిండా దద్దుర్లతో మువన్ నా పరికిణీ పట్టుకుని నిలబడ్డాడు, గట్టు దగ్గరికి రానన్నట్టు. అమ్మమ్మ వల సర్దుకుంటోంది. నేను వాడి ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను.

"మువన్, ఇంక మాట్లాడరా. నేను అమ్మమ్మకి చెప్పేశాను."

వాడు నన్ను చూశాడు, అమ్మమ్మను చూశాడు. పెదాలు కదిలాయి. మొదట గాలే వచ్చింది. తర్వాత తుప్పుపట్టిన గొంతుతో, చిన్నగా అడిగాడు.

"మాట్లాడితే అమ్మ వెళ్ళిపోతుందిగా?"

అమ్మమ్మ చేతిలో వల ఆగిపోయింది. ఆవిడ నా ముఖంలోకి చూసింది. ఒక్క చూపులో అంతా అర్థమైపోయింది ఆవిడకి. ఆ జవాబు నన్నే చెప్పనిచ్చింది.

వెళ్ళదని చెప్పొచ్చు. నా నాలుక మీదికి వచ్చింది కూడా.

"వెళ్తుంది," అన్నాను. "వెళ్తుంది మువన్. అయినా నువ్వు మాట్లాడు."

వాడు నా పరికిణీ అంచు వేలికి చుట్టుకున్నాడు.

"మళ్ళీ వస్తుందా?"

"వస్తుంది."

"ఎప్పుడు?"

"తెలీదురా."

"బస్సులో వస్తుందా, రైల్లో వస్తుందా?"

"రైలు దిగి బస్సు ఎక్కుతుంది."

"రైలు దిగేటప్పుడు కదిలిపోతే?"

అమ్మమ్మ అటు తిరిగి కళ్ళు ఒత్తుకుంది. తర్వాత కాళ్ళ మీద కూర్చుని వల నీళ్ళలో ముంచింది.

"వాడు మాట్లాడుతున్నాడుగా అమ్మమ్మా, ఇంకెందుకు?"

"వాడిది ఎక్కడికీ పోలేదే పిచ్చిపిల్లా. ఇక్కడ పడింది నీది. మూడు వారాల నుంచి అన్నం కెలికి వదిలేస్తుంటే నేనే చూసుకోలేదు. కదలకుండా నిలబడు." వల మెల్లగా పైకి లేచింది. "రా ఖ్వన్, రా. పుయ్ ఖ్వన్, లోతు నీళ్ళలో ఉండకు. భయపడకు. ఇంట్లో నిన్ను ఎవరూ తిట్టరు. రా తల్లీ, ఇంటికి రా."

నన్ను అలా ఎవరైనా పిలిచి ఎన్నాళ్ళయిందో. వలలోకి చూశాను. నీళ్ళచుక్కలు తప్ప ఏమీ కనపడలేదు. కానీ గుండెల మీద నుంచి ఏదో దిగిపోయింది, ఆ మాట మాత్రం ఖాయంగా చెప్పగలను.

మేం వాకిట్లోకి రాకముందే మువన్ గొంతు ఇంట్లోకి వెళ్ళింది. మగ్గం చప్పుడు ఆగిపోయింది. అమ్మ చెప్పులైనా వేసుకోకుండా పరిగెత్తుకు వచ్చి వాణ్ణి పట్టుకుంది. వాడు ఆవిడ చేతుల్లో ఉండగానే, చీమలకు పళ్ళుంటాయా అని అడిగాడు.

రాత్రి వంటకు పొయ్యి రాజేస్తూ అమ్మ నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. అమ్మమ్మ అప్పటికే చెప్పేసింది.

"నన్ను ఆపాలనే కదూ?"

తల ఊపాను.

"వెళ్ళొద్దని అడగొచ్చు కదే నన్ను."

"అడిగితే ఆగేదానివా?"

అమ్మ పొయ్యిలోకి చూసింది. ఏ తల్లయినా అక్కడ ఒక చిన్న అబద్ధం చెబుతుంది, నేను దానికే ఎదురుచూశాను. "లేదు," అంది అమ్మ. "ఆగేదాన్ని కాదు." చెప్పి, నీలం వేళ్ళతో నా తల తన భుజానికి ఆన్చుకుంది. దూలం సందులోని ఉత్తరం తీసి నా చేతికే ఇచ్చింది. నేనే దాన్ని పొయ్యిలో పెట్టాను.

నాలుగో రోజు పొద్దున బస్సు వచ్చింది. అమ్మ మా ఇద్దరి మణికట్లకూ కొత్త దారాలు కట్టి, మా వాళ్ళు ముద్దు పెట్టుకునే తీరున వాడి బుగ్గ వాసన చూసి, నా బుగ్గ వాసన చూసి ఎక్కింది. బువలాయ్ పిన్ని, "మీ అమ్మని నేను చూసుకుంటాలే, నువ్వు పో," అంటూ ఏడ్చింది. కిటికీలోంచి అమ్మ చెయ్యి కొంత దూరం కనపడింది, తర్వాత దుమ్ము. ఆవిడ మళ్ళీ కోతలకు గానీ రాలేదు, వచ్చి పది రోజులే ఉంది. అలా నాలుగేళ్ళు.

బస్టాపు నుంచి ఇంటిదాకా మువన్ నా చెయ్యి పట్టుకుని నడిచాడు. ఇప్పుడు అమ్మ ఏ ఊళ్ళో ఉంది? ఇప్పుడో? బస్సులో కిటికీ పక్కన కూర్చుందా, ఎవరైనా జరగమన్నారా? బాంకాక్‌లో చీమలున్నాయా? అక్కడ కూడా ఇదే ఎండా? అన్నిటికీ జవాబు చెప్పాను. తెలిసినవి చెప్పాను, తెలియనివి కల్పించి చెప్పాను. చెప్పీ చెప్పీ ఇల్లు చేరేసరికి నా గొంతు బొంగురుపోయింది. వాడికిప్పుడు నలభై దాటాయి, ఇప్పటికీ అంతే వాగుతాడు. నోరు ముయ్యరా అని మాత్రం ఆ రోజు తర్వాత నేను వాణ్ణి ఒక్కసారి కూడా అనలేదు.